కరిగేది, కరగనిది: యల్లాప్రగడ సుబ్బారావు జీవితకథనాల్లో ప్రయోగశాల – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
భీమవరంలో జన్మించి అమెరికాలో పరిశోధనలు చేసిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948). ఆయనను గురించి తెలుగులో ప్రచారంలో ఉన్న జీవితకథనాలు ఆయన కష్టాలను విస్తరించి చెబుతాయి, ఆవిష్కరణలను పట్టికగా ఇస్తాయి, పరిశోధనా పద్ధతిని మాత్రం దాటవేస్తాయి. ఒక పదార్థం నీటిలో ఎంత కరుగుతుంది, ఎప్పుడు విడిపోతుంది అనే కొలత ఆ పద్ధతికి ఆధారాల్లో ఒకటి. దానిని చెప్పకపోవడం వల్ల జీవితచరిత్ర ప్రక్రియకు కలిగిన నష్టాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యల్లాప్రగడ సుబ్బారావు, జీవితచరిత్ర, ద్రావణీయత, శాస్త్రరచన, గోదావరి డెల్టా.

1. ప్రవేశిక:
సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలో చదువు ఒడిదుడుకులతో సాగింది. మద్రాసులో మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, వైద్యవిద్య అభ్యసించి, 1923లో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు మారి, 1948 ఆగస్టు 8న మరణించారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది. ఆ తరువాత తెలుగు పత్రికల్లోను పాఠ్యవాచకాల్లోను ఆయన పేరు తరచుగా వినిపిస్తూనే ఉంది. విస్మృతి తొలగిందనే అనుకోవచ్చు. అయితే విస్మృతి స్థానంలో నిలిచినది ఏమిటన్నది పరిశీలించవలసిన విషయం.

2. కథనరూపం:
ప్రచారంలోని కథనాలు సాధారణంగా నాలుగు ఘట్టాల మీద నడుస్తాయి: పరీక్ష తప్పడం; ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా పొందడం, స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి సోదరులు బలికావడం, హార్వర్డ్‌లో స్థిరమైన పదవి గాని, నోబెల్ బహుమతి గాని దక్కకపోవడం. ఇవి పాఠకుని కదిలించే ఘట్టాలు. మరుగునపడిన పేరును తిరిగి వెలుగులోకి తెచ్చిన గౌరవం కూడా ఈ కథనాలకే దక్కాలి.

కాని వీటన్నింటిలోను సుబ్బారావు వాక్యానికి కర్తగా కన్నా కర్మగానే కనిపిస్తారు. ఆయనకు జరిగినవి ఉన్నాయి, ఆయన చేసినవి లేవు. చేసినవాటి ప్రస్తావన వచ్చేసరికి వాక్యం ఆగిపోయి పట్టిక మొదలవుతుంది: ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి., ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, హెట్రజాన్. అన్నీ నామవాచకాలే, వాటి వెనుక ఉన్న క్రియాపదాలు కనిపించవు. కవి జీవితచరిత్రలో కావ్యాల పేర్లు మాత్రమే చెప్పి, ఒక్క కావ్యాన్నీ పరామర్శించకపోతే విమర్శకులు అంగీకరించరు. శాస్త్రజ్ఞుని విషయంలో అదే లోపం ప్రశ్నకు గురికావడం లేదు.

3. దాటవేసిన ప్రయోగం:
1925లో ఫిస్క్, సుబ్బారావు భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆమ్ల ద్రావణంలోని ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిసి ఒక సమ్మేళనమవుతుంది. తగిన క్షయకరణిని చేరిస్తే అది నీలిరంగు పొందుతుంది. ఆ నీలం గాఢతను తెలిసిన ప్రమాణ ద్రావణంతో పోల్చితే నీటిలో కరిగి ఉన్న ఫాస్ఫేట్ ఎంతో తెలుస్తుంది.

ఈ పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రవానికి ప్రయోగించినప్పుడు రంగు ఒక్కసారిగా రాలేదు, క్రమంగా ముదిరింది. దానిని పరికర దోషంగా కొట్టివేయడం సులభం. ఇద్దరు పరిశోధకులు ఆ జాప్యాన్నే సాక్ష్యంగా తీసుకున్నారు. అప్పటివరకు సాధారణ ఫాస్ఫేట్‌గా లెక్కకు వస్తున్న దానిలో కొంత భాగం, ఆమ్లంలో నెమ్మదిగా విడిపోయే మరో సమ్మేళనానిదని గుర్తించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్ (1927). అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా స్వతంత్రంగా దానిని గమనించి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు.

ఉన్నదని తెలిస్తే చాలదు, వేరుచేసి చూపాలి. ఇక్కడే ద్రావణీయత పనికి వస్తుంది. క్షార స్థితిలో బేరియం చేరిస్తే సాధారణ ఫాస్ఫేట్ కరగని లవణమై అడుగుకు చేరుతుంది; ఫాస్ఫోక్రియాటిన్ బేరియం లవణం నీటిలోనే నిలుస్తుంది; ఆల్కహాలు కలిపితే అదీ బయటపడుతుంది. ఏ.టి.పి. బేరియంతో కరగని భాగంలోకి చేరుతుంది. ఒకే ద్రవంలో ఉన్న భాస్వర సమ్మేళనాలను కరిగే తీరునుబట్టి విడదీయడం ఆ కాలపు జీవరసాయన శాస్త్రానికి ప్రధాన సాధనం. ఫిస్క్, సుబ్బారావు ఫాస్ఫోక్రియాటిన్‌ను కాల్షియం లవణంగా వేరుచేశారు. 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు, జర్మనీలో లోమన్ కూడా అదే సంవత్సరం దానిని ప్రకటించారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం వీగిపోవడానికి ఈ వరుస పరిశోధనలు దారితీశాయి. ఇంతటి నాటకీయత ఉన్న ఘట్టం తెలుగు కథనాల్లో ‘ఏ.టి.పి.ని కనుగొన్నారు’ అనే ఒక్క వాక్యంగా మిగిలింది.

4. భాష అడ్డంకియా?
ఈ విషయాలు తెలుగులో చెప్పడం కష్టమన్న సమాధానం రావచ్చు. అందులో కొంత నిజముంది. మంచు కరుగుతుంది, ఉప్పు నీళ్లలో కరుగుతుంది, మనసూ కరుగుతుంది. వేడికి ద్రవంగా మారడానికీ, ద్రవంలో లీనమవడానికీ తెలుగులో ఒకే క్రియ ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల ద్వారా స్థిరపడిన ద్రవీభవనం, ద్రావణీయత అనే మాటలు ఈ రెంటినీ వేరుచేస్తాయి. కాని రెండింటి ధాతువు ఒకటే కావడంతో తొలిసారి వినేవారికి తేడా వెంటనే తట్టదు.

అయినా డెల్టా వాసులకు ఈ విషయం కొత్తది కాదు. వరదకాలంలో గోదావరి ఎర్రనీటిని బిందెలో ఉంచి పటిక తిప్పితే మట్టి అడుగున చేరి నీరు తేరుకుంటుంది. ఆ మట్టి నీటిలో కలిసినదే గాని కరిగినది కాదు. ఉప్పు కరిగితే ఎంతసేపు ఉంచినా తేరదు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. ఆపైన వేసినది అడుగున మిగిలిపోతుంది. అలా మిగిలేటంత వేసి, ఉష్ణోగ్రత మారకుండా కలుపుతూ ఉంచి, సమతాస్థితికి వచ్చాక పైతేటను వడకట్టి, అందులో ఎంత ఉందో కొలిస్తే అదే ద్రావణీయత. అదే నీటిలో చక్కెర దాదాపు 200 గ్రాములు, జిప్సం 0.2 గ్రాములు మాత్రమే కరుగుతాయి. కనుక ‘కరుగుతుందా?’ అన్నది అసంపూర్ణమైన ప్రశ్న, ‘ఎంత?’ అన్నదే అసలు ప్రశ్న. తేరడం, మడ్డి, పైతేట వంటి వాడుకమాటలు ఉండగా జీవితచరిత్రకారుడు భాషను నిందించనవసరం లేదు. కొరవడినది పదజాలం కాదు, ప్రయోగాన్ని కథావస్తువుగా చూసే దృష్టి.

5. కార్యకారణ సంబంధం:
సోదరుల మరణం – ప్రతిజ్ఞ – ఫోలిక్ ఆమ్లం అనే క్రమం కథనాలకు ఎంతో ప్రియమైనది. ఆ దుఃఖం ఆయనను వైద్యంవైపు నడిపించి ఉండవచ్చు. కాని ఫోలిక్ ఆమ్లం దుఃఖం నుంచి నేరుగా పుట్టలేదు. 1931లో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతకు ఈస్ట్ సారం పనిచేస్తుందని చూపారు. ఆపై కాలేయ సారంలో ఒక సూక్ష్మజీవి పెరుగుదలకు అవసరమైన అంశం కోసం అన్వేషణ సాగింది. లెడర్లేలో స్టోక్‌స్టాడ్, ఆంజియర్ తదితరులతో కూడిన బృందం సుబ్బారావు నాయకత్వంలో 1945 నాటికి దానిని సంశ్లేషించింది.

ఆ పదార్థం స్వభావమూ గమనింపదగినదే. గది ఉష్ణోగ్రతలో లీటరు నీటికి ఫోలిక్ ఆమ్లం కొద్ది మిల్లీగ్రాములకు మించి కరగదు; క్షార ద్రావణంలో సులభంగా కరుగుతుంది. అందుచేత సూదిమందుగా వాడవలసివచ్చినప్పుడు దానిని సోడియం లవణంగా మార్చుకోవాలి. ప్రతిజ్ఞ నుంచి ఫలితానికి ఒక్క అంగలో దూకే కథనం ఈ మధ్యలోని శ్రమనూ, సహచరులనూ కూడా తొలగిస్తుంది. ఆరియోమైసిన్ విషయంలో బెంజమిన్ డగ్గర్ పేరు చెప్పకపోవడం ఇటువంటిదే. సుబ్బారావుకు తగిన గుర్తింపు ఇవ్వలేదని లోకాన్ని ఆక్షేపించే కథనమే ఇతరులకు ఆ గుర్తింపును నిరాకరించడం విచారకరం.

6. డెల్టాకు చేరిన ఔషధం:
తెలుగు కథనాలు పట్టిక చివర పెట్టే హెట్రజాన్ నిజానికి గోదావరి పాఠకునికి అన్నిటికన్నా సన్నిహితమైనది. దాని రసాయన నామం డైఇథైల్‌కార్బమజైన్. బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములపై పనిచేస్తుంది. ఉభయ గోదావరి జిల్లాలు ఈ వ్యాధి దీర్ఘకాలం పీడించిన ప్రాంతాలు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 నుంచి ఏటా సామూహికంగా మందు మింగించే కార్యక్రమాల్లోనూ ఇదే ప్రధాన ఔషధం.

దీని సిట్రేట్ లవణం నీటిలో అత్యంత సులభంగా కరుగుతుంది, వంట వేడికి చెడదు. ఆ రెండు గుణాల వల్లనే దానిని తినే ఉప్పులో కలిపి ప్రజలకు అందించే పద్ధతి సాధ్యమైంది. చైనాలో దానిని విస్తృతంగా అనుసరించారు. ఫోలిక్ ఆమ్లంలో అవరోధమైన గుణం ఇక్కడ ఉపకారమైంది. భీమవరంలో పుట్టిన వ్యక్తి నాయకత్వంలో రూపొందిన మాత్ర భీమవరం వీధుల్లో ఇంటింటికీ అందింది. అది ఎవరి కృషి ఫలితమో మింగినవారికి చెప్పవలసిన కథనం మాత్రం నోబెల్ దక్కలేదన్న వేదన దగ్గరే ఆగిపోయింది.

7. ముగింపు:
సుబ్బారావు జీవితంలోని వేదనను తగ్గించి చెప్పాలన్నది ఈ పరిశీలన ఉద్దేశం కాదు. సానుభూతి పాఠకుని చరిత్ర ద్వారం దాకా తీసుకువస్తుంది. లోపలికి తీసుకువెళ్లేది పని వివరణ. శాస్త్రజ్ఞుల జీవితచరిత్రలను మూల్యాంకనం చేసేటప్పుడు మూడు ప్రశ్నలు వేయడం అవసరం: కనీసం ఒక ప్రయోగమైనా మొదలు నుంచి చివరి దాకా వివరించబడిందా? సహచరుల, సమకాలికుల కృషి నమోదైందా? జీవిత సంఘటనకూ ఆవిష్కరణకూ చెప్పిన సంబంధానికి ఆధారముందా? విశ్వవిద్యాలయ తెలుగు శాఖల్లో జీవితచరిత్రలపై జరిగే పరిశోధనలు ఈ ప్రశ్నలను చేపట్టి, రసాయనశాస్త్ర శాఖల సహకారం తీసుకుంటే, నీలిరంగు ఆలస్యంగా వచ్చినందుకు ఆగి ఆలోచించిన సుబ్బారావు తెలుగు పాఠకునికి పరిచయమవుతారు.