ఓరకంటి పనితనం

తెల్లవారుజామున కంకిపాడు వైపు నుంచి బెజవాడకు పాలు తెచ్చేవాళ్లలో ఒకాయన వెనకాల బండి నడపడం నాకు ఇష్టం. వీలు కుదిరినప్పుడు కాస్త ఎడంగా వెనకే ఉండి ఆయన తలనే గమనిస్తుంటాను. ఆయనది టీవీఎస్ ఎక్సెల్. వెనక అటొకటి ఇటొకటి పాల క్యాన్లు, ముందు కాళ్ల దగ్గర ఇంకోటి. క్యాన్లతో కలిపితే బండి వెడల్పు హ్యాండిల్‌ని మించిపోతుంది. అంత బరువుతో ఉన్నపళంగా బ్రేకు కొడితే లోపల పాలు ఊగి బండిని తోసేస్తాయి. కాబట్టి బ్రేకు అవసరం వచ్చేలోపే ఆయనకు సంగతి తెలిసిపోవాలి. బందరు రోడ్డు మీద, ఆ రద్దీలో, ఆయనకు తెలిసిపోతుంది. ఆ తెలియడం ఎలా జరుగుతుందన్నదే నన్ను ఆకట్టుకున్న విషయం.

సూటిగా సాగినంతసేపూ ఆయన తల పెద్దగా కదలదు. గడ్డం కొంచెం ఎత్తి ఉంటుంది. చూపు ముందువెళ్లే బండిని దాటి, దాని ముందున్నదాని మీద ఉంటుంది. చక్రం ముందున్న గతుకు కోసం తల వంచి చూడగా నేనెప్పుడూ చూడలేదు. అయినా గతుకులో పడడు. దూరాన ఉండగానే చూసిపెట్టుకున్న గతుకు, దగ్గరికి వచ్చేసరికి చూపు కింది అంచులో నల్లగా జారిపోతుంటుంది. తప్పించడానికి ఆయనకు ఆపాటి చాలు.

చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడండి. మన కన్ను బాగా తేటగా చూసేది ఇంచుమించు అంత మేరే, సుమారు 2 డిగ్రీలు. రెండు కళ్లూ కలిపితే చూపు పక్కలకు దాదాపు 200 డిగ్రీలు పరుచుకుంటుంది కానీ, అంచులకు పోయేకొద్దీ మసక. కంటి కొస నంబరు ప్లేటు చదవలేదు, మొహం పోల్చుకోలేదు, రంగుల్లోనూ తడబడుతుంది. కానీ కదలికను ఇట్టే పసిగడుతుంది. అరుగు మీద కూర్చున్న మామ్మకు వచ్చిందెవరో ఆనదు, ఎవరో వచ్చారని మాత్రం ఇంట్లో అందరికంటే ముందు తెలుస్తుంది. కంటి కొస కూడా అంతే.

పోరంకి దగ్గర ఒకసారి రోడ్డుకు ఎడమ పక్కన ఓ షేర్ ఆటో ఆగి జనాన్ని ఎక్కించుకుంటోంది. ఇండికేటర్ లేదు, డ్రైవరు చెయ్యి చూపలేదు. దానికింకా యాభై అరవై అడుగుల దూరం ఉండగానే ఎక్సెల్ చప్పుడు తగ్గింది. ఆయన మొహం ఆటో వైపు తిరగలేదు. మరుక్షణం ఆటో రోడ్డు మీదికి కోసుకుంటూ వచ్చేసింది. తర్వాత టీ కొట్టు దగ్గర, ముందే ఎలా తెలిసింది బాబాయ్ అని అడిగాను.

“దాని ముందు చక్రం మెదిలింది కదండీ” అన్నాడాయన.

ఆటో ఒళ్లు కదలకముందే చక్రం తిరుగుతుంది. ఆ కాస్త మెదలడం కంటి కొసన పడింది. కదిలిందని చెప్పింది కన్నే అయినా, దాని అర్థం చెప్పింది ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీద తిరిగిన అనుభవం. ఈ రెండూ అతికిన చోట అతుకు కనపడకపోవడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

చీకటిలో ఈ పనితనం ఇంకా చక్కగా తెలుస్తుంది. వెలుతురు చాలనప్పుడు పనికొచ్చే రాడ్ కణాలు రెటీనా నట్టనడుమ ఉండవు, దాని చుట్టూ ఉంటాయి. ఆకాశంలో మసక చుక్కను సూటిగా చూస్తే మాయమై, కాస్త పక్కకు చూస్తే కనిపించేది ఇందుకే. దీపాల్లేకుండా ఆగిన ట్రాక్టరు ట్రక్కు, రోడ్డు దాటే గేదె ముందుగా అంచుకే తగులుతాయి. ఎదుటి లారీ హైబీమ్ కొట్టుకుంటూ వస్తే ఆయన దాన్ని చూడడు. చూపును ఎడమవైపు రోడ్డు అంచుకు దించి, లారీని కంటి కొసకు వదిలేస్తాడు.

అయితే కంటి కొసకూ ఓ లోటుంది, అది ప్రాణాల మీదికి తెచ్చేది. పక్కరోడ్డు నుంచి ఓ బండి వస్తోంది, మీరూ అదీ ఒకే క్షణానికి కూడలి చేరేలా ఉన్నారనుకోండి. ఇద్దరూ వేగాలు మార్చకుండా సూటిగా వస్తున్నంతసేపూ ఆ బండి మీ చూపులో ఒకే కోణంలో నిలిచిపోతుంది. దగ్గరయ్యేకొద్దీ పెద్దదవుతుందే గానీ పక్కకు జరగదు. జరగనిదాన్ని కంటి కొస అంతగా పట్టించుకోదు. గుద్దేయబోయే బండే అన్నిటికంటే నిశ్చలంగా కనిపిస్తుందన్నమాట. కానూరు దాటేలోపు వచ్చే ప్రతి పక్కరోడ్డు దగ్గరా ఆయన తల ఒకసారి నిండుగా తిరుగుతుంది. అంచును ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో ఆయనకు అంత కచ్చితంగా తెలుసు.

హెల్మెట్ పెట్టుకుంటే పక్కలు కనపడవనే వాళ్లకు ఓ మాట. అమెరికా ప్రమాణం ప్రకారం హెల్మెట్ ఒక్కో పక్కకు కనీసం 105 డిగ్రీల చూపును వదలాలి. 1981లో వెలువడిన హర్ట్ నివేదిక కోసం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించారు. ముప్పు తెచ్చిన వాటిలో నాలుగింట మూడొంతులకు పైగా, సూటిగా ముందున్న దిక్కుకు అటూ ఇటూ 45 డిగ్రీల లోపే ఉన్నాయి. చూపుకు హెల్మెట్ అడ్డమైన దాఖలా వాళ్లకు దొరకలేదు. మా పాలాయన హెల్మెట్ పెట్టుకుంటాడు, స్ట్రాప్ బిగిస్తాడు కూడా.

నిజానికి చూపును ఇరుకు చేసేది భయం. గుంతను చూసి గుండె ఝల్లుమన్నవాడు దాని మీదినుంచి కళ్లు తిప్పుకోలేడు, బండి కూడా చూపు వెంటే గుంతలోకి పోతుంది. అమెరికన్ శిక్షకుడు కీత్ కోడ్ ‘ఎ ట్విస్ట్ ఆఫ్ ది రిస్ట్’ రెండో భాగంలో (1993) దీన్ని విడమరిచి రాశాడు. ప్రమాదం ఎదురైతే మనిషి చూపు కుంచించుకుపోయి కంగారుగా వెతుకులాడుతుందని, లేదా ఒక్కచోటే అతుక్కుపోతుందని ఆయన గుర్తించాడు. విరుగుడుగా ఓ సాధన చెప్పాడు: కళ్లు ఒకచోట నిలిపి, వాటిని కదపకుండానే చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఎరుకలోకి తెచ్చుకోవాలి. చెప్పినంత తేలిక కాదు, నేను ప్రయత్నిస్తే మనసు వెళ్లిన చోటికల్లా కళ్లూ పోతున్నాయి. చూపు విప్పారితే బండి అదే వేగంలో ఉన్నా అంత వేగం అనిపించదని, ఆలోచనకు తెరిపి దొరుకుతుందని కోడ్ అంటాడు. రేసు ట్రాకు మీద డబ్బు కట్టి నేర్చుకునే ఈ విద్యను పాలాయన ఏ బడిలోనూ నేర్చుకోలేదు. హర్ట్ నివేదిక కోసం పరిశీలించిన ప్రమాదాల్లో బండి నడిపినవాళ్లలో 92 శాతం కూడా సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. సొంతంగా నేర్చుకున్న చెయ్యి ఇంత సరిగ్గా కుదరడం అరుదు, అందుకే ఆయన గురించి రాయాలనిపించింది.

పటమటలో ఆయన కుడికి తిరగాలి. ముందు అద్దం చూస్తాడు, ఇండికేటర్ వేస్తాడు, ఆ తర్వాత గడ్డం కుడి భుజం మీదికి వచ్చేదాకా తల తిప్పుతాడు. అద్దానికీ కంటి కొసకూ మధ్య ఓ మోటార్‌సైకిల్ పట్టేంత చోటు మిగిలిపోతుంది మరి. బ్రిటన్‌లో బండి నేర్పేవాళ్లు ఈ చివరి చూపును లైఫ్‌సేవర్ అంటారు. తల తిప్పిన ఆ కాసేపూ ముందు ఏం జరుగుతుందో కనపడదు కాబట్టి, ముందు బండికి తగినంత ఎడం వచ్చాకే తిప్పుతాడు. ఎడం దొరకకపోతే ఆ మలుపు వదిలేసి, నేరుగా బెంజి సర్కిల్ దాకా పోయి వెనక్కి వస్తాడు. ఆ రోజు అపార్ట్‌మెంట్‌లకు పాలు కాస్త ఆలస్యంగా అందుతాయి.