సుస్థిరాభివృద్ధి: పదం, పరిమితి – పోరుమామిళ్ళ చెరువు శాసన పరిశీలన

1. పదం – నిర్వచనం

'సుస్థిరాభివృద్ధి' నేడు ప్రభుత్వ ప్రణాళికల్లోనూ పాఠ్యగ్రంథాల్లోనూ విరివిగా కనిపించే పారిభాషిక పదం. బ్రంట్‌లాండ్ అధ్యక్షతన ఏర్పడిన పర్యావరణ, అభివృద్ధి ప్రపంచ సంఘం 1987లో వెలువరించిన నివేదికతో ఈ భావన విస్తృత ప్రచారం పొందింది. భావితరాలు తమ అవసరాలు తీర్చుకొనే శక్తికి భంగం కలగకుండా వర్తమాన తరం తన అవసరాలు తీర్చుకోవడం అందులోని నిర్వచన సారాంశం. ఈ నిర్వచనానికి ఆధారాలు రెండు. మొదటిది అవసరం, అందులో పేదల ప్రాథమికావసరాలదే అగ్రస్థానం. రెండవది పరిమితి.

తెలుగు సమాసంలో ఈ రెండూ మరుగున పడ్డాయి. 'సుస్థిర' శబ్దం నిలకడను, 'అభివృద్ధి' శబ్దం పెరుగుదలను సూచిస్తాయి. రెండూ కలిసినప్పుడు 'ఆగని పెరుగుదల' అనే అర్థం స్ఫురించే అవకాశం ఉంది. ఎవరి అవసరం, ఎంతవరకు అనే ప్రశ్నలకు పదంలో తావు లేదు. అందువల్లనే ఏ పథకానికైనా ఈ విశేషణాన్ని సులభంగా చేర్చగలుగుతున్నారు.

2. శాసనంలో పరిమితి భావన

పరిమితి భావన తెలుగు నేలకు కొత్తది కాదు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) ఇందుకు నిదర్శనం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మించిన ఈ చెరువుకు నిత్యం వెయ్యిమంది పనివారు, వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టినట్లు శాసనం తెలుపుతోంది. సంస్కృతంలో ఉన్న ఈ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటినేల వంటివి నిర్మాణానికి, స్థలానికి సంబంధించిన దోషాలు. కొద్దిపాటి నీటికి విస్తారమైన ఆయకట్టు ఉండడం, విస్తారమైన నీటికి కొద్దిపాటి నేల ఉండడం కూడా దోషాలేనన్నది ఇక్కడ గమనార్హం. వనరుకూ వినియోగానికీ మధ్య పొంతన తప్పితే, కట్ట ఎంత గట్టిదైనా ఆ చెరువు దోషయుక్తమే. 1987 నివేదిక చెప్పిన పరిమితి ఇక్కడ నిర్మాణ నియమంగా కనిపిస్తుంది.

3. శాసనం చెప్పనిది

అయితే ఈ సామ్యాన్ని ఆధారం చేసుకొని 'అన్నీ మన పూర్వులకు తెలుసు' అని నిర్ణయించడం సరికాదు. నిర్మాణ నిపుణులైన పనివారిని శాసనం అంగాల్లో ఒకటిగా లెక్కించింది. కాని పంపకంలోని అసమానతను ఆరు దోషాల్లో చేర్చలేదు. కట్ట మోసిన చేతులకు మడి ఉందా, ఆయకట్టు చివరి పొలానికి నీరు అందిందా అనే ప్రశ్నలు ఆ పట్టిక వెలుపలే మిగిలాయి. అవసరాన్ని, ముఖ్యంగా పేదల అవసరాన్ని, ప్రమాణంగా నిలిపిన ఆధునిక నిర్వచనం పూరించేది ఈ లోటునే.

ముగింపు

శాసనంలో పరిమితి స్పష్టం, సమత అస్పష్టం. నేటి వాడుకలో రెండూ అస్పష్టమే. కాబట్టి 'సుస్థిర' విశేషణం కనిపించిన ప్రతిచోటా వనరు ఎంత, వాటా ఎవరిది అనే రెండు ప్రశ్నలు వేయడం విమర్శకుని బాధ్యత. వాటికి సమాధానం లేనిచోట ఆ పదం అలంకారమే అవుతుంది గాని ప్రమాణం కాదు.