తుక్కాపంచకము: ఆత్మకథయా? అన్యాపదేశమా?

శ్రీకృష్ణదేవరాయలు 1514లో నుదయగిరిని, 1515లోఁ గొండవీటిని జయించి, కళింగముపై దండు నడపి, తుదకుఁ బ్రతాపరుద్ర గజపతితో సంధి చేసికొనెను. గజపతి తన కూఁతును రాయల కిచ్చెను. రాయలు కృష్ణకు నుత్తరమున నున్న భూములను మరల నొసఁగెను. ఆ రాజపుత్త్రికను తుక్కాదేవి యనియు, జగన్మోహిని యనియు, కంభము ప్రాంతమున వరదరాజమ్మ యనియు వ్యవహరింతురు. పేరే యిట్లు స్థిరపడని యామె జీవితమును మాత్రము మనవారు మిగుల నిశ్చయముగాఁ జెప్పుదురు. శత్రువు కూఁతురగుటచే భర్త యామెను దూరముగా నుంచెననియు, ఆమె కంభమున నొంటిగాఁ గాలము గడపి, ఆ దుఃఖమునఁ దుక్కాపంచకమను నైదు సంస్కృత శ్లోకములను రచించెననియుఁ గథ. దీనికి శ్లోకములే సాక్ష్యమందురు గావున, ఆ సాక్ష్యమెంతటిదో విచారింపవలసియున్నది.

వానిలో నెల్లరకుఁ గంఠస్థమైన శ్లోకమును జూతము. అందు రాజు లేఁడు, రాణి లేదు, కళింగము లేదు. తుమ్మెద క్రొత్తపూగుత్తులఁ దిరుగుచు సంపెంగను మాత్రము మూర్కొనలేదనియు, కొఱఁత యిరువురియందును లేదు, దైవేచ్ఛయే బలవత్తరమనియు దాని తాత్పర్యము. చంపకశబ్దము ప్రసిద్ధమై యుండఁగా, అమరసింహుఁడు సంపెంగమొగ్గకుఁ జెప్పిన గంధఫలీశబ్దమును గ్రహించుటయే యిందలి నేర్పు. గంధఫలీశబ్దము స్త్రీలింగము, షట్పదశబ్దము పుంలింగము. ఈ లింగసామర్థ్యముచేతనే నాయికానాయకుల వృత్తాంతము స్ఫురించుచున్నది.

ఇంతవఱకు శబ్దమే చెప్పును. ఆ నాయిక యెవరన్నచో శబ్దము మిన్నకుండును. అర్థనిర్ణయమునకు సంయోగ విప్రయోగాదులతోపాటు ప్రకరణమును గూడ హేతువుగా వాక్యపదీయము పేర్కొనినది. ఇచటఁ బ్రకరణము శ్లోకమునందు లేదు, కథనుండి తెచ్చికొనినదే. కథవలన శ్లోకమునకుఁ బ్రకరణము, శ్లోకమువలనఁ గథకుఁ బ్రామాణ్యము! ఇది స్పష్టమైన యన్యోన్యాశ్రయము.

మఱియుఁ దుమ్మెద సంపెంగను జేరదనుట కవిసమయము. గంధఫలి తపస్సు చేసి నాసికయైనదను కల్పన వసుచరిత్రమునఁ బ్రసిద్ధము. ఆ పద్యమును బట్టి యెవరును గిరికకు వెనుకటి దుఃఖమును గల్పింపలేదు. పురుషుఁడు సంపెంగను వర్ణించినచోఁ గల్పనాచాతుర్యము, స్త్రీ వర్ణించినచోఁ గన్నీరు మాత్రమే యనుట న్యాయమా?

శ్లోకములు తుక్కాదేవివి కావని నేననుట లేదు. మధురావిజయమును గంగాదేవియు, వరదాంబికాపరిణయమును దిరుమలాంబయు రచించిరి. సరస్వతీవిలాసము వెలసిన ప్రతాపరుద్రుని యాస్థానమునఁ బెరిగిన రాజపుత్త్రికకు సంస్కృతరచన యసాధ్యము గాదు. కాని కర్తృత్వము వేఱు, ఆత్మకథ వేఱు. మొదటిదానిని సంప్రదాయమునుబట్టి యంగీకరించినను, రెండవది దానివలన సిద్ధింపదు.

ఇఁక సమకాలికుల మాట. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు పేసు, రాయల ముఖ్యభార్యలు మువ్వురని చెప్పి, వారిలో నొరియారాజు కూఁతును, శ్రీరంగపట్టణపు రాజు కూఁతును బేర్కొనెను. మూఁడవయామె పూర్వము గణిక యఁట. మువ్వురకును సమానమర్యాద జరుగుననియు, వేర్వేఱు మందిరములలో నుండియు వారు మైత్రితో మెలఁగుదురనియు నాతఁడు వ్రాసెను. పరదేశి యంతఃపురవిషయములను వినియే వ్రాసియుండును. కావున నామె సుఖించెనని దీనివలన నిశ్చయింపరాదు. అయినను బహిష్కృతయైన రాణినిగూర్చి లోకమిట్లు చెప్పుకొనదు. ఐదు శ్లోకములనుండి యూహించిన కథకంటె నీ మాట బలవత్తరము.

తిరుమలలో రాయల ప్రక్కఁ దిరుమలదేవి, చిన్నాదేవుల విగ్రహములు మాత్రమే యుండుటచే నీమె యుపేక్షింపఁబడెనని కొందఱందురు. ఆ దేవేరు లిరువురును 1513 నాఁటికే రాజుతో నచటి కేఁగి కానుకలు సమర్పించిరి. గజపతిపుత్త్రిక యప్పటికి విజయనగరమునకే రాలేదు. ఇట్టి స్థితిలో విగ్రహము లేమి యుపేక్షకు హేతువు కాఁజాలదు.

కంభము చెఱువు నీ గజపతిపుత్త్రికయే కట్టించెనని యచటి ప్రతీతి. ఇదియుఁ బ్రతీతియే. కాని యొకే ప్రాంతమున నామెనుగూర్చి రెండు మాటలు నిలిచియుండఁగా, చెఱువును మఱచి పరిత్యాగమునే పాఠముగాఁ జెప్పుట పక్షపాతము. ఉపాధ్యాయులు ఈ శ్లోకమును బోధించునపుడు ముందు గంధఫలీశబ్దమును, అన్యాపదేశమును వివరింపుఁడు. కథను గథగాఁ దరువాతఁ జెప్పుఁడు. పరరాజ్యమునుండి వచ్చిన యా విదుషికిఁ గవయిత్రిగా దక్కవలసిన గౌరవము మొదట దక్కవలెను.