పొడవైన హెచ్.డి.ఎం.ఐ. కేబులు: ప్రచారమెంత, శాస్త్రమెంత?

చిత్రమును పంపు పెట్టె ఒకచోట, తెర మరొకచోట ఉన్న ఇండ్లలో రెంటిని కలుపుటకు పది, పదునైదు మీటర్ల కేబులు కావలసివచ్చును. నేడు ఇందుకు విరివిగా వాడబడుచున్నది హెచ్.డి.ఎం.ఐ. కేబులు. దీని మొదటి నిర్దేశములు 2002లో వెలువడినవి. దుకాణములో ఈ కేబులు పెట్టెలపై “4కె”, “బంగారుపూత”, “మేలైన రంగులు” అను మాటలు కనిపించును. వీనిలో ఏది శాస్త్రమో, ఏది వట్టి ప్రచారమో విచారింపవలసియున్నది. ఏలయన గోడలో పూడ్చిన కేబులు పనిచేయనిచో గోడనే పగులగొట్టవలసివచ్చును.

మొదట రంగుల మాట. ఈ కేబులులో పోవునది బొమ్మ కాదు. బొమ్మను తెలుపు ఒకట్లు, సున్నలు. అవతలి కొనయందు అవి సరిగా గుర్తింపబడినచో కేబులు చవకదైనను, ఖరీదైనదైనను చిత్రము ఒక్కటే. గుర్తింపు తప్పినచో తెరపై చుక్కలు మినుకుమినుకుమనును. సంకేతము ఇంకను క్షీణించినచో చిత్రమే మాయమగును. కనుక రంగులు మెరుగగునను మాట నిరాధారము. బంగారుపూత కొనలను తుప్పునుండి కాపాడునే కాని తీగెలోని నష్టమును తగ్గింపజాలదు.

అసలు చిక్కు పొడవుతో వచ్చుచున్నది. 1920 × 1080 చుక్కల చిత్రమును సెకనుకు 60 మార్లు పంపుటకు కేబులు సెకనుకు సుమారు 445 కోట్ల బిట్లను మోయవలెను. 4కె చిత్రమునకు, అనగా 3840 × 2160 చుక్కలకు, అదే వేగమున 1,782 కోట్ల బిట్లు కావలెను. పౌనఃపున్యము హెచ్చినకొలది విద్యుత్తు తీగె పైపొరకే పరిమితమగును. అందుచే నిరోధము పెరుగును. పైగా నష్టము మెట్టుమెట్టుకు కూడుచుండును. 5 మీటర్లలో సంకేతశక్తి సగమగుననుకొన్నచో 10 మీటర్లలో నాల్గవ వంతు, 15 మీటర్లలో ఎనిమిదవ వంతు మాత్రమే మిగులును.

పెట్టెలపై “4కె” అని మాత్రమే వ్రాసి, సెకనుకు ఎన్ని చిత్రములో, ఎంత పొడవు వరకో తెలుపకపోవుట ఈ ప్రచారములోని ముఖ్యలోపము. సెకనుకు 30 చిత్రములైనను 4కెయే, 60 అయినను 4కెయే. రెండవదాని భారము రెట్టింపు. 2 మీటర్ల కేబులు విషయమున నిజమైన మాట 15 మీటర్ల కేబులు విషయమున అబద్ధము కావచ్చును.

అయితే పెట్టెపైని మాటలన్నియు వ్యర్థములు కావు. “అల్ట్రా హై స్పీడ్” ధ్రువీకరణ చీటీ సెకనుకు 4,800 కోట్ల బిట్ల సామర్థ్యమును తెలుపును. ప్రతి పొడవును విడిగా పరీక్షించిన పిమ్మటనే దానిని అంటింపవలెనని నియమము. తీగె గేజి సంఖ్య కూడ పనికివచ్చును. సంఖ్య తగ్గినకొలది తీగె లావగును: 28 గేజి తీగె వ్యాసము 0.32 మిల్లీమీటరు, 24 గేజి తీగెది 0.51. లావు తీగెలో నష్టము తక్కువ. కాని అది మూలలవద్ద సులభముగా వంగదు.

రాగికి మించిన దూరములకు సంకేతమును కాంతిగా మార్చి గాజుపోగులో పంపు కేబులు మేలు. కాని దానిలో సంకేతము ఒకే దిక్కున పోవును. కొనలు తారుమారైనచో చిత్రము రాదు. కొనలలోని పరికరము చెడినచో కేబులునంతటిని మార్చవలెను.

కావున ఏ కేబులునైనను ముందు నేలపై పరచి, వాడదలచిన చిత్రముతోనే పరీక్షించి, పిమ్మట కొన దూరునంత వెడల్పుగల గొట్టములో వేయుట యుక్తము. పాఠశాలలో ప్రొజెక్టరు నమర్చు ఉపాధ్యాయులకును ఇదియే వర్తించును.