మెడ మీది కాడి: విముక్తిని మనం స్మరించే తీరు

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల మీలాద్ సభలు సాధారణంగా హజ్రత్ బిలాల్(రజి) ప్రస్తావన లేకుండా ముగియవు. ఉమయ్యా పెట్టిన చిత్రహింసలు, హజ్రత్ అబూబక్ర్(రజి) ఆయనను కొని విడిపించడం, ఆ తర్వాత అజాన్ పిలుపు. ఈ మూడు ఘట్టాలతో ప్రసంగం పూర్తవుతుంది, సభికుల కళ్లు చెమరుస్తాయి. ఈ స్మరణ ఉత్తమమైనదే. అయితే ఇంతటితో సరిపోతుందా?

హజ్రత్ సల్మాన్ ఫార్సీ(రజి) వృత్తాంతం మన వేదికలపై అరుదుగా వినిపిస్తుంది. ఆయన విముక్తికి యజమాని పెట్టిన షరతు 300 ఖర్జూర మొక్కలు నాటి ఇవ్వడం, 40 ఊఖియాల బంగారం చెల్లించడం. సహాబాలు తలా కొన్ని మొక్కలు తెచ్చారు. దైవప్రవక్త(స) స్వహస్తాలతో నాటారు. బిలాల్(రజి) గాథలో ఒక్క వ్యక్తి త్యాగముంది. సల్మాన్(రజి) గాథలో జమాఅత్ అంతా పంచుకున్న భారముంది. కన్నీరు తెప్పించే గాథ మనకు గుర్తుంది, ఖర్చు పెట్టించే గాథ మరుగున పడింది.

తెలుగు అనువాదాలలోనూ ఇటువంటి లోపమే ఉంది. అల్‌బలద్ సూరాలోని 'రఖబ', జకాత్ హక్కుదారులను పేర్కొన్న అత్తౌబా 60వ ఆయత్‌లోని 'రిఖాబ్' అనే మాటలకు మూలార్థం మెడ. 'బానిస విముక్తి' అనడం తప్పు కాదు గాని, చదువరికి అది గడచిపోయిన అరేబియా ముచ్చటగా తోస్తుంది. 'మెడ విడిపించడం' అంటే, కాడి మోసే ఎడ్లను ఎరిగిన డెల్టా రైతుకు వెంటనే బోధపడుతుంది.

బానిసత్వం పరాయి దేశపు కథ కూడా కాదు. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలిసే ఈ తీరంలోనే, బందరులో, డచ్చివారి స్థావరముండేది. 17వ శతాబ్దపు కరువులలో కోరమండల్ తీరపు నిరుపేదలను వారు కొని బటావియాకు, సింహళానికి తరలించారు. బందరులో డచ్చివారి సమాధులు నేటికీ శిలాఫలకాలతో ఉన్నాయి. ఓడలెక్కినవారి పేర్లు మాత్రం మనకు తెలియవు.

మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. అంతకు ముందే, 1834 నవంబరు 2న, చెరకు తోటలకు ఒప్పంద కూలీల రాక మొదలైంది. కోరంగి రేవు నుండి వెళ్లిన తెలుగువారికి అక్కడ 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడింది. ఆ దేశం రెండు తేదీలనూ జాతీయ సెలవులుగా పాటిస్తుంది. సంకెల తెగిన రోజుతో పాటు, దాని స్థానంలో మరో బంధం వచ్చిన రోజునూ గుర్తుంచుకోవడం నిజాయితీ గల స్మరణ.

ఆ నిజాయితీ మనకూ అవసరం. సౌదీ అరేబియా 1962లో గాని, మౌరిటానియా 1981లో గాని బానిసత్వాన్ని రద్దు చేయలేదు. దీనిని దాచి ఇస్లాం ఔన్నత్యాన్ని చాటలేము. ఆ జాప్యానికి జవాబుదారీ ముస్లిములదే, ఖుర్ఆన్ బోధది కాదు.

ఇప్పుడు బానిసలు లేరు గనుక రిఖాబ్ వాటాతో పని లేదని కొందరంటారు. ఆ ఆయత్‌లో దాని వెంటనే వచ్చేది రుణగ్రస్తుల వాటా. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం చెప్పేదీ అప్పుకు, అడ్వాన్సుకు స్వేచ్ఛ కోల్పోయిన మనిషి గురించే. చేపల చెరువు గట్టున గాని, ఇటుక బట్టీలో గాని, బాకీ తీరేదాకా కదలలేని కుటుంబం ఉంటే దాని మెడ మీద ఉన్నది కాడి కాదా? చట్టం ఆ బాకీనే రద్దు చేస్తుంది, కనుక యజమానికి పైసా చెల్లించనక్కరలేదు. విడుదలైనవారికి కావలసింది తిండి, దారి ఖర్చు, కొత్త బతుకుకు పెట్టుబడి. అల్‌బలద్ సూరా కూడా మెడ విడిపించడం తర్వాత ఆకలి రోజున అన్నం పెట్టడాన్నే పేర్కొన్నది.

వచ్చే మీలాద్ సభలో బిలాల్(రజి) గాథ తర్వాత సల్మాన్(రజి) గాథ కూడా చెప్పి, అక్కడే ఒక చందా పుస్తకం తెరవాలి. జకాత్ గాని, సదఖా గాని అందులో చేరినప్పుడే మన స్మరణ ఆచరణ అవుతుంది.