అమెరికాపై ఐరోపా అక్కసు: ఒక గ్రంథం, ఒక మహలు

ఐరోపావారు అమెరికాను నిందించినప్పుడల్లా మన చదువరులలో ఒక సంతోషం పొడసూపుతుంది. పారిస్‌లోనో బెర్లిన్‌లోనో ఒక మంత్రి వాషింగ్టన్‌ను ఎత్తిపొడిస్తే అది మన పక్షాన పలికిన మాటే అనుకుంటాము. ఈ సంతోషం ఎంతవరకు సబబు? ఈ ప్రశ్నను విచారించడానికి ఫ్రెంచి సంపాదకుడు సెర్వాన్-ష్రైబర్ 1967లో ప్రకటించిన ‘అమెరికా సవాలు’ అనే గ్రంథం అనువైనది. ఆ రోజుల్లో ఐరోపాలో విశేషంగా అమ్ముడుపోయిన పుస్తకమది.

గ్రంథకర్త వాదం సూటిగా ఉంటుంది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల తర్వాత ప్రపంచంలో మూడవ పారిశ్రామిక శక్తిగా నిలిచేది ఐరోపా కాదు, ఐరోపాలో వేళ్లూనిన అమెరికన్ కంపెనీలే కావచ్చునని ఆయన హెచ్చరిక. ఆ కంపెనీల బలం డబ్బు ఒక్కటే కాదు. చదువు, పరిశోధన, పని నడిపించే తీరు. కాబట్టి ఏడ్చి లాభం లేదు, నేర్చుకోవాలి, ఐరోపా దేశాలు ఏకం కావాలి అంటాడు. ఎదుటివారిని తిట్టి ఊరుకోకుండా తమ లోపాన్ని తాము చూసుకున్న ఈ నిజాయితీ మెచ్చదగినది. ఇంకొక ముచ్చట కూడా ఉంది. తన ‘ఎక్స్‌ప్రెస్’ వారపత్రికను ఆయన 1964లోనే అమెరికా ‘టైమ్’ పత్రిక తరహాలో తిరిగి తీర్చిదిద్దాడు!

ఈ మాట వినగానే విజ్ఞులైన పాఠకులకు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) గుర్తుకు రాక మానడు. ఓడినవాడు గెలిచినవాని వేషాన్ని, అలవాట్లను అనుకరిస్తాడని, గెలుపు రహస్యం వాటిలోనే ఉన్నదని భ్రమిస్తాడని ఆయన తన ‘ముఖద్దిమా’లో వివరించాడు. అందలూసియా ముస్లింలు పొరుగున ఉన్న క్రైస్తవుల దుస్తులు ధరించడం గమనించి, అది పరాధీనతకు చిహ్నమన్నాడు. ఐరోపాకు ఈ సూత్రం అతికినట్లు సరిపోతుందని పలువురు అంటారు. నేను అంత తేలికగా ఒప్పుకోలేను. కారణం మా సీమలోనే కనిపిస్తుంది.

హిందూపురానికి చేరువలోని లేపాక్షి గుడి కప్పు మీద, అచ్యుతదేవరాయల కాలపు చిత్రాలలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో నిలబడి ఉంటారు. తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు, ఒంటి మీద కబాయిలు. కుళ్ళాయి పారసీకం నుంచి వచ్చిన మాట, కబాయి అరబ్బీ నుంచి. ఆ బొమ్మలు వేసేనాటికి విజయనగరం ఓడిపోలేదు; 1565 యుద్ధానికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగా ఉంది. అంతకు రెండు శతాబ్దాల ముందే బుక్కరాయలు ‘హిందూరాయ సురత్రాణ’ అనిపించుకున్నాడు. సురత్రాణ అంటే సుల్తానే. ఆ యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిగా చేసుకున్న పెనుకొండలో గగన మహలు చూడండి. కమానులు, గచ్చు పని సుల్తానుల మహళ్ల తీరున ఉంటాయి. పైన శిఖరం గుడి శిఖరాన్ని పోలి ఉంటుంది. శత్రువుల మీద కోపం ఉన్నదని కమానులు మానుకోలేదు.

సణుగుడు లేకపోలేదు. కన్నడ రాజ్యానికి వెళ్లి కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చినందుకు వాపోయే చాటువు ఒకటి శ్రీనాథుని పేర ప్రసిద్ధం. పెట్టుకున్నాడు, సణిగాడు, సత్కారమూ అందుకున్నాడు. ఇక ధర్మవరం పట్టుచీర కట్టుకునే పెళ్లికూతురికి జరీ అన్న మాటలోని ‘జర్’ పారసీకంలో బంగారమని తోచనే తోచదు. ఇబ్న్ ఖల్దూన్ చూసింది నిజమే. కాని అనువు తీసుకోవడమంతా ఓటమి కాదు. విజయనగరపు రాజులు సుల్తానుల వేషం వేసుకున్నది ఆనాటి పెద్ద లోకంలో సాటివారుగా కూర్చోవడానికి, మోకరిల్లడానికి కాదు. పరిశోధకుడు ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన వ్యాసం ఈ సంగతిని బాగా నిరూపించింది.

కనుక ఐరోపా అమెరికాను అనుకరించినంత మాత్రాన దాని విమర్శ చెల్లకుండా పోదు. చూడవలసింది మరొకటి: ఆ కోపం దేనికోసం? 1953లో ఇరాన్‌లో ముసద్దిఖ్ ప్రభుత్వాన్ని కూల్చడంలో బ్రిటన్, అమెరికా చేయి కలిపాయి. అప్పుడు లండన్‌కు అమెరికా ఆధిపత్యం చేదు కాలేదు. 1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ ఈజిప్టు మీద పడినప్పుడు ఐసెన్‌హోవర్ వారిని వెనక్కు మళ్లించాడు. పారిస్‌లో అప్పుడు రగిలిన అక్కసు ఈజిప్టుకు జరిగిన అన్యాయం గురించి కాదు, తమ చేయి సాగనందుకు. ఆ అక్కసుకు మనం చప్పట్లు కొట్టడం ఎలాంటిది? 2003 ఫిబ్రవరిలో ఇరాక్ యుద్ధం వద్దని లండన్, రోమ్ వీధులలో నడిచిన లక్షలాది జనం సంగతి వేరు. వారు తమ స్వంత ప్రభుత్వాలనూ నిలదీశారు.

సెర్వాన్-ష్రైబర్ అల్జీరియాలో సైనికాధికారిగా పనిచేసి, అక్కడ ఫ్రెంచి సైన్యం నడతను విమర్శిస్తూ 1957లో పుస్తకం రాసి, అందుకు అభియోగం ఎదుర్కొన్న మనిషి. పరాయి పాలన అంటే ఏమిటో ఆయనకు తెలుసు. అందుకే ‘అమెరికా సవాలు’ నన్ను నిరాశపరిచింది. అందులో ఐరోపా ఎన్నో స్థానంలో ఉంటుందన్నదే ప్రధాన చింత. ఆ స్థానం దక్కితే దానితో ఏమి చేస్తుందన్న ప్రశ్నకు అంత చోటు దొరకలేదు. పదేళ్ల కిందటి తన పుస్తకాన్ని దీని పక్కన పెట్టుకుని రాసి ఉంటే ఇది మరో గ్రంథమయ్యేది.

2025లో అమెరికా అధ్యక్షుడు గ్రీన్‌లాండ్ తమకు కావాలన్నప్పుడు ఐరోపా భగ్గుమన్నది. ఆ కోపం న్యాయమే. అదే ఏడాది డెన్మార్క్ ప్రధాని గ్రీన్‌లాండ్‌కు వెళ్లి, 1960ల నుంచి డేనిష్ వైద్యులు అక్కడి స్త్రీలకు, బాలికలకు సమ్మతి లేకుండా గర్భనిరోధక సాధనాలు అమర్చినందుకు క్షమాపణ చెప్పింది. మన పత్రికలు మొదటి వార్తను మొదటి పేజీలో వేశాయి. రెండవది నాకు లోపలి పేజీలో, ఒక మూల దొరికింది.