పన్ను వేరులో ఇరుక్కున్న ముక్క

ఎప్పుడో రూట్ కెనాల్ చేయించుకున్న ఒకామెకు ఆ కింది దవడ పన్ను మళ్లీ సలుపుతుంది. ఎక్స్‌రే తీస్తే, వేరు లోపలి పాత ఫిల్లింగ్ కన్నా తెల్లగా, కొట్టొచ్చినట్టు ఒక సన్నటి గీత. కెనాల్‌ను గీకి శుభ్రం చేసే సూదిలాంటి పరికరం, ఫైల్, విరిగి మిగిలిన ముక్క. "దీని గురించి మీకు చెప్పారా అమ్మా?" అని డాక్టర్ అడిగితే, ఆమెకు ఆ సంగతే తెలియదు.

నికెల్-టైటానియం ఫైల్ వంపు కెనాల్‌లో తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకూ ఒకవైపు సాగి, మరోవైపు నొక్కుకుపోతుంది. అలా అలసి, పైకి ఏ గుర్తూ కనబడకుండానే పుటుక్కున తెగుతుంది. ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా ఇది జరగొచ్చు. పేషెంటుకు చెప్పకుండా క్యాప్ వేసి పంపడం మాత్రం క్షమించరానిది. రికార్డులో ఒక్క వాక్యం రాసి ఉంటే, రెండోసారి పన్ను తెరిచే డాక్టరుకు దారి తెలిసేది.

నొప్పికి అసలు మూలం ఆ ముక్క వెనక శుభ్రం కాకుండా మిగిలిన బాక్టీరియా. 2005లో మెల్‌బోర్న్ పరిశోధకులు స్పిలి, పరాషోస్, మెసర్ ప్రచురించిన లెక్కల్లో, ముక్క ఉండిపోయిన పళ్లలో 91.8 శాతం మానాయి. ఫైల్ విరగనివాటిలో 94.5 శాతం. అవి నిపుణులు చేసిన చికిత్సలన్నది మరవకూడదు.

అసలు సమస్య బాక్టీరియా కాబట్టి, మొదట ముక్క పక్కనుంచి దారి వెతకాలి. పాత గుట్టపెర్చా ఫిల్లింగ్ తీసేసి, కొన 0.08 మిల్లీమీటర్లు ఉండే 8 నంబరు చేతి ఫైల్‌ను చివర కాస్త వంచి, ముక్క చుట్టూ మెల్లగా తడుముతారు. కెనాల్ చాలాచోట్ల కోలగా ఉంటుంది కనుక ఏదో ఒక పక్క సందు దొరకొచ్చు. దొరికితే కడిగే మందు కిందిదాకా వెళుతుంది.

ముక్కనే తీయాల్సివస్తే మైక్రోస్కోప్ తప్పనిసరి. మిగతా కెనాల్ నోళ్లలో ముందే దూది కుక్కాలి. లేదంటే ఊడిన ముక్క ఎగిరి పక్కదాంట్లో పడుతుంది. ముక్క తల చుట్టూ కొద్దిగా చెక్కి, అల్ట్రాసానిక్ కొనను గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పుతారు. నీళ్లు ఆపి చేసే పని కాబట్టి వేరు వేడెక్కకుండా మధ్యమధ్యలో ఆగాలి. ముక్క ముందు వణుకుతుంది, తర్వాత మర వదులైనట్టు పైకి జరుగుతుంది.

వంపు దాటి కొన దగ్గర ఇరుక్కున్నదాని కోసం పంతం పట్టకూడదు. అంత లోతుకు చెక్కితే వేరు పలచబడి చిల్లు పడొచ్చు, తర్వాతెప్పుడో నిలువునా చీలొచ్చు. అక్కడిదాకా శుభ్రం చేసి మూసి, పేషెంటుకు ఎక్స్‌రే చూపించి, ఆర్నెల్లకూ ఏడాదికీ మళ్లీ రమ్మనాలి. వేరు కొన చుట్టూ నల్లటి నీడ పెరుగుతుంటే, చిగురు తెరిచి ఆ కొనను ముక్కతో సహా కోసి తీసే సర్జరీ ఉండనే ఉంది.